ముంజకాయల బండికి టెండరు అక్కర్లేదు: బాపట్ల జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బాపట్ల జిల్లా కలెక్టర్ గారికి,



ఏప్రిల్ 24 వచ్చిందంటే మామూలుగా మన రాష్ట్రంలో బళ్ళు మూతపడతాయి. మళ్ళీ జూన్ 12న తెరుస్తారు. ఈ మధ్యకాలంలో తలుపు తెరిచి ఉండేది అంగన్‌వాడీ ఒక్కటే. ఎండల్లో ఒంటిపూట నడిచినా, కార్యకర్త, ఆయా వంతులవారీగా సెలవులు వాడుకున్నా, కేంద్రం మాత్రం నడుస్తూనే ఉంటుంది. మూడేళ్ళు దాటి ఆరేళ్ళు నిండని పిల్లలకు వేసవిలో సర్కారు తరఫున మిగిలిన చోటు అదే. అక్కడికి పొద్దున్నే వచ్చిన పిల్లలు ఏం చేస్తూ గడుపుతున్నారన్నదాని గురించే ఈ ఉత్తరం.

గుడ్డు, పాలు, అన్నం సంగతి నేనెత్తడం లేదు. వాటికి రిజిస్టర్లున్నాయి, తూకాలున్నాయి, అడిగేవాళ్ళూ ఉన్నారు. నేను మాట్లాడేది అన్నం పెట్టేలోపు ఉండే రెండు మూడు గంటల గురించి. ఏబీసీడీలు ఒకసారి, అ ఆలు ఒకసారి, రెండు పాటలు, ఆ తరవాత గోడకు ఆనుకుని కూర్చోవడం. కార్యకర్తను తప్పుపట్టడం కాదిది. తూకాలు వేసి, సెల్‌ఫోన్‌లో వివరాలు ఎక్కించి, ఇళ్ళు తిరిగి వచ్చిన మనిషికి పిల్లల చేత ఏం చేయించాలో ఆలోచించే తీరికెక్కడిది?

నేను పేరాలలో ఉంటాను. చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా వీధిలో ఎల్‌కేజీ, యూకేజీ చదివే పిల్లలకు ఈమధ్య వేసవి సెలవుల హోంవర్కు వాట్సాప్‌లో వస్తోంది. దాని పేరు సమ్మర్ క్రాఫ్ట్. పుచ్చకాయ ముక్క, ఐస్‌క్రీం, నల్ల కళ్ళజోడు పెట్టుకుని నవ్వే సూర్యుడు, నీలం సముద్రం పక్కన గొడుగు. తల్లి ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి చార్టు, జిగురు, మెరుపుపొడి, కదిలే ప్లాస్టిక్ కళ్ళు తెస్తుంది. కత్తిరించేదీ ఆమే, అతికించేదీ ఆమే. పిల్ల వంతు చివర్లో వేలితో ఒకసారి నొక్కి, ఫొటోకి నిలబడటం. ఆటో ఎక్కితే వాడరేవు సముద్రం వచ్చే ఊళ్ళో నీలం కాగితాన్ని అలలుగా కత్తిరించి గోడకు అంటిస్తున్నాం. ఆ తల్లుల్ని ఏమనగలం? పంపకపోతే తమ పిల్ల పేరు గ్రూపులో కనపడదని వాళ్ళ బెంగ.

నా భయం ఏమిటంటే, రేపు అంగన్‌వాడీలకూ ఇదే సరుకు పెట్టెల్లో దిగుతుంది. చిన్నపిల్లలకు చేతిపనులు కావాలని పైనుంచి మాట వస్తుంది, కిందకి వచ్చేసరికి అది కొనుగోలు ఫైలు అవుతుంది. ప్లాస్టిక్ పెట్టె, అందులో అందరికీ ఒకే రంగు కాగితాలు, ఒకే అచ్చు బొమ్మ. పెట్టె పాడవుతుందేమోనని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికి తీస్తారు. ఎక్కడో జరిగిందని కాదు, మన ఆఫీసుల తీరు తెలిసినదాన్ని గనక అంటున్నాను.

నిజానికి పైనుంచి వచ్చిన మాట మంచిదే. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటతోనే చదువు సాగాలని, చుట్టుపక్కల దొరికే వస్తువుల్నే వాడాలని చెప్పింది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా విడుదల చేసింది. మంత్రాల పెట్టె అన్నమాట. మన దగ్గర ఆ మంత్రాలన్నీ పెట్టె బయటే ఉన్నాయి. ఎండాకాలంలోనయితే మరీను.

ముంజకాయల సంగతే తీసుకోండి. ఏప్రిల్ చివరికల్లా చీరాల గడియారస్తంభం నుంచి రేపల్లె దాకా రోడ్డు పక్కన తాటి గెలలు గుట్టలు పడి ఉంటాయి. అమ్మేవాడు కత్తితో పైభాగం చెక్కేస్తే మూడు కళ్ళు బయటపడతాయి. బొటనవేలు పెట్టి తోడితే ముంజ ఊడి వస్తుంది, నీళ్ళు మొహాన చిమ్ముతాయి. తిన్నాక మిగిలిన కాయ చెత్తలోకే పోతుంది. ఆ ఖాళీ కాయలు రెండు తీసుకుని, నడిమికి ఒక కర్రపుల్ల గుచ్చితే ఇరుసు. మరో పొడుగాటి పంగల కర్ర తెచ్చి, పంగను ఇరుసు మీద ఆనించి నెడితే బండి. ఈ ప్రాంతంలో పుట్టి నలభై దాటిన ఎవరినయినా అడగండి, చేతులతో చేసి మరీ చూపిస్తారు.

నాలుగేళ్ళ పిల్ల ఇందులో ఏం చేయగలదు? పుల్ల గుచ్చడం పెద్దవాళ్ళ పని, కాయలు ఏరుకోవడం పిల్ల పని. ఒక కాయ పెద్దది, ఒకటి చిన్నది పెట్టుకుంటే బండి నేరుగా పోదు, చిన్న కాయ వైపుకే తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. మొదట పిల్లలకు అది ఆటలాగే ఉంటుంది. కాసేపటికి చిరాకు. ఆ తరవాత ఎవరో ఒకరు వెళ్ళి ఇంకో కాయ తెచ్చి పక్కన పెట్టి చూస్తారు. రెండు కాయలూ సమానమేనా అని కళ్ళతో కొలవడం, చేత్తో తడిమి చూడటం, తప్పనిపిస్తే మార్చడం. లెక్కల పుస్తకంలో 'పెద్దది, చిన్నది' అని రెండు ఏనుగుల బొమ్మలు వేసి సున్నా చుట్టమంటాం చూశారా, ఆ పాఠమే ఇది. ఇక్కడ తప్పు చెప్పేది టీచరు కాదు, బండే చెబుతుంది. రెండు రోజులకు కాయ ఎండి ముడుచుకుపోతుంది, బెజ్జం వదులై ఇరుసు జారిపోతుంది. మళ్ళీ కొత్త కాయలు. బీరువాలో పెట్టి దాచుకోవడానికి ఏమీ మిగలదు, అందుకే నాకిది నచ్చుతుంది.

తాటిచెట్టు ఇచ్చేది ఇదొక్కటే కాదు. లేత తాటాకు చీల్చి బూర చుట్టవచ్చు. రెండు పట్టీలు అడ్డంగా మడిచి, తుమ్మముల్లు గుచ్చి, గాలికెదురుగా పట్టుకుని పరిగెడితే గిర్రున తిరిగే గాలిమర. ఎండాకాలం సెలవుల్లో తాటాకు బొమ్మలకు పసుపు గుడ్డ చుట్టి పెళ్ళి చేయడం మా తరం ఆడపిల్లలందరికీ తెలుసు; మగపెళ్ళివారు అలిగితే బెల్లం ముక్క పెట్టి బతిమాలడంతో సహా. బాపట్ల, రేపల్లె వైపు కొబ్బరాకు ఎక్కువ గనక అక్కడ గడియారం, ఉంగరం, కళ్ళజోడు, పాము.

పేరాలకు తాటాకూ ఎండాకాలమూ కలిసి గుర్తొచ్చే ఏడాది 1921. మునిసిపాలిటీ వద్దు, ఆ పన్నులు మోయలేమని చీరాల పేరాల జనం ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఇళ్ళు వదిలి, ఊరి సరిహద్దు అవతల రామనగర్ అని పేరు పెట్టుకుని, పాకల్లోనూ పందిళ్ళ కిందా సుమారు పదకొండు నెలలు గడిపారు. వెళ్ళింది నడివేసవిలో. ఆ జనంలో నాలుగేళ్ళ పిల్లలూ ఉన్నారు కదా, ఏ ఆటవస్తువులు మూటగట్టుకుని వెళ్ళి ఉంటారు? ఈ ఊరి గురించి ఎవరు మాట్లాడినా నాయకుల పేర్లు చెబుతారు. నాకెందుకో ఆ పిల్లల మీదికి పోతుంది ధ్యాస.

ఇక రెండోది, గుడ్డ. పేరాల అంటేనే మగ్గం. ఒకప్పుడు చీరాల తేలియా రుమాళ్ళు సముద్రం దాటి అరబ్బు దేశాల దాకా వెళ్ళాయి. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి గానీ, తెగిన పోగులకూ, కత్తిరించి పారేసిన ముక్కలకూ కొదవ లేదు. టైలరు కొట్టు ముందు నిలబడితే సంచీ నిండా తెల్ల ముక్కలు ఊరికే ఇస్తారు. వాటితో ఒక పని చెబుతాను, ఖర్చు లెక్క వేసుకోండి.

చెంబెడు నీళ్ళలో అర చెంచా పసుపు కలపాలి. తెల్ల గుడ్డ ముక్కలు ముంచి, పిండి, నీడన ఆరేయాలి. మన ఎండలకు కాసేపట్లో ఆరిపోతాయి. చీపురుపుల్ల చివర దూది చుట్టి, బట్టల సబ్బు నీళ్ళలో ముంచి పిల్లల చేతికివ్వాలి. గుడ్డ పచ్చగా ఉంటుంది, సబ్బు నీళ్ళకు రంగే లేదు, అయినా గీసిన చోటల్లా ఎర్రగా గీత పడుతుంది! మొదటిసారి చూసినప్పుడు పిల్లలు గుడ్డ వంక చూడరు, దూది వంక చూస్తారు. ఎరుపు ఎక్కడ దాక్కుందో వెతుకుతారు. అందరి గీతలూ అయ్యాక ఒక చుక్క నిమ్మరసం వేస్తే ఎరుపు పోయి మళ్ళీ పసుపు. పెళ్ళిలో పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం పడగానే ఎర్రబడేదీ ఇందుకే. సున్నం చిన్నపిల్లల దగ్గరికి తేకూడదు, కళ్ళు పోతాయి. సబ్బు నీళ్ళు చాలు, అయినా పని అయ్యాక చేతులు కడిగించాలి. ఈ ఆటకు పసుపు పక్కనున్న దుగ్గిరాల యార్డు నుంచి, నిమ్మకాయ తెనాలి మార్కెట్టు నుంచి, గుడ్డ పేరాల నుంచి. ఢిల్లీ నుంచి పెట్టె రానక్కర్లేదు.

గుడ్డతో ఇంకో పని అల్లిక. అట్టముక్కకు పైనా కిందా గాట్లు పెట్టి లావు దారం చుడితే పడుగు. కొబ్బరాకు పాయలో, గుడ్డ పేలికలో తీసుకుని ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి దూర్చుకుంటూ పోతే పేక. అయిదేళ్ళ పిల్లలకు రెండు వరసలు కుదిరేసరికి ఒక పూట పడుతుంది. పడనివ్వండి. పెన్సిలు పట్టి అక్షరం దిద్దాలంటే వేళ్ళకు ముందు ఈ సత్తువ రావాలి. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి పెట్టిన ఫ్రోబెల్ కాగితపు పట్టీలు అల్లడం, కుట్టడం, మట్టి పిసకడం పిల్లల పనుల్లో చేర్చింది కూడా ఊరికే కాదు. ఆయన బళ్ళో కాగితంతో నేర్పిన అల్లికను మన వీధుల్లో అమ్మమ్మలు కండెలు చుట్టుకుంటూ చూపించగలరు.

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్న మీకూ ఎదురవుతుంది గనక ముందే చెప్పేస్తాను. "మేం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతుకంతా నేశాం, పిల్లలయినా చదువుకుంటారని అంగన్‌వాడీకి పంపితే అక్కడా అల్లికలేనా?" అని మా వీధి నేతగాళ్ళే అడుగుతారు. అడగాల్సిందే. ఏళ్ళ తరబడి చిన్నపిల్లల్ని చదువు మాన్పించి రాట్నం ముందు కూర్చోబెట్టిన చరిత్ర ఏ నేత ఊరికయినా ఉంది. ఆ గాయం మీద చెయ్యి వేసి 'కళ, సంప్రదాయం' అని ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకూ లేదు, మీకూ లేదు. నేను చెప్పేది నేత నేర్పమని కాదు. వైద్యుడి కూతురూ, అధికారి కొడుకూ ఖరీదైన బళ్ళో ఇదే అల్లికను వేలకు వేలు కట్టి చేస్తున్నారు, అక్కడ దాన్ని చదువంటున్నారు. నేతగాడి మనవరాలు చేస్తే మాత్రం కులవృత్తి ఎందుకవుతుంది? పూటకు అరగంట, పిల్ల విసిగితే లేచి పోవచ్చు, తయారైనదాన్ని ఎవరూ అమ్మరు, కొలవరు. ఈ మూడు షరతులూ తల్లిదండ్రుల సమావేశంలో నోటితో చెప్పించండి. గోడ మీద రాయిస్తే ఇంకా మంచిది.

ఖరీదైన బడి సంగతి వచ్చింది గనక ఒక పాత ముచ్చట. మారియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారు వచ్చి మన దేశంలో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. ఆవిడ పద్ధతి గొప్పది, సామగ్రి మాత్రం పేదల బళ్ళకు అందే ధరలో లేదు. మహారాష్ట్ర తీరంలో బోర్డీ అనే ఊళ్ళో 1945లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ పల్లెపిల్లల కోసం పని మొదలుపెట్టినప్పుడు ఆ సామగ్రి జోలికి పోకుండా గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళతోనే బడి నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకెళ్ళారు. అంగన్‌వాడీ ఆలోచనకు మూలం అక్కడే ఉంది. 1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయ్యేనాటికి ఆ పనికి ముప్ఫై ఏళ్ళు. సముద్రం పక్క ఊళ్ళో గవ్వలతో పుట్టిన సంగతిని, సముద్రం పక్కనున్న మన జిల్లాకు పెట్టెలో పెట్టి పంపడం విడ్డూరం కాదూ?

పనికిరాని వస్తువుతో ఆటబొమ్మలు చేసి చూపించిన అరవింద్ గుప్తాగారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతాయి, సెక్టారుకొకటి కొనండి. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు నిలబెడుతున్నారు, అది పెద్దవాళ్ళ ఆట. సరుకు ఏమయినా కొని తీరాలని నిధులు ఒత్తిడి చేస్తే ఏటికొప్పాక లక్కపిడతలు కొనండి. చెట్ల రంగులతో చేస్తారు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం తక్కువ. ప్లాస్టిక్ కళ్ళు మాత్రం వద్దు.

జాగ్రత్తల మాట కూడా చెప్పాలి, లేకపోతే రేపు ఏదైనా జరిగితే కార్యకర్త మెడకు చుట్టుకుంటుంది. చింతపిక్కలు, తుమ్మగింజలు మూడేళ్ళ పిల్లల చేతికి ఇవ్వకూడదు. ముక్కులో పెట్టుకుంటారు, చెప్పకుండా ఊరుకుంటారు, రెండు రోజులకు వాసన వస్తే గానీ తెలియదు. పెద్ద పిల్లలకిచ్చినా లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలి. తాటిమట్ట అంచులకు రంపం పళ్ళుంటాయి, ఆకు చీల్చి, మట్ట తీసేసి తేవాలి. వేటపాలెం వైపు వేసవిలో పచ్చి జీడిగింజలు చేతికందుతాయి, ఆ పెంకులో జిడ్డు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. వాటిని కేంద్రం గుమ్మం దాటనివ్వకూడదు. కత్తి, బ్లేడు పని అంతా ముందురోజే పెద్దవాళ్ళు ముగించాలి. ఎనిమిది నుంచి పది లోపే పని, అదీ నీడలో. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బండి నెట్టుకునే ఆట పొద్దున తొమ్మిది దాటితే ఇక లోపలే.

కలెక్టర్ గారూ, నేనడిగేవి పెద్దవి కావు. మే నెలకు ప్రతి కేంద్రానికీ చిల్లర ఖర్చుల కింద చిన్న మొత్తం ఇచ్చి, ముంజలూ పసుపూ దారమూ ఎక్కడ కొన్నారో రసీదు అడగకుండా నమ్మండి. ముంజలమ్మే మనిషి రసీదు ఇవ్వడు. తాటాకు చీల్చడం తెలిసిన తాతనూ, కండె చుట్టే అమ్మమ్మనూ వారానికి రెండు పూటలు కేంద్రానికి పిలిపించి, రోజు కూలికి తగ్గకుండా ఇప్పించండి. ఉచితంగా రమ్మనకండి, మనం వాళ్ళ పనికి ఎప్పుడూ చేసే అవమానం అదే.

అన్నిటికంటే ముఖ్యమైన మనవి ఒకటుంది. దయచేసి ఫొటోలు అడగకండి. వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌తోనే కార్యకర్తల చేతులు నిండిపోయాయి. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె మనకింకా గుర్తుంది. జీతంతో పాటు పని బరువు కూడా వాళ్ళ నోట వినిపించిన మాటే. ముంజకాయల బండికి కూడా 'కేంద్రానికి మూడు ఫొటోలు, సాయంత్రం అయిదు లోపు' అని ఆదేశం వెళితే, మర్నాటికల్లా అన్ని కేంద్రాల్లోనూ ఒకే బండి, ఒకే నవ్వు, ఒకే కోణం. బండి పెద్దవాళ్ళు చేస్తారు, పిల్లల్ని పక్కన నిలబెడతారు. వాట్సాప్ హోంవర్కుకీ దీనికీ తేడా ఉండదు. పోటీలూ బహుమతులూ కూడా వద్దు. అయిదేళ్ళ పిల్లకు మూడో బహుమతి ఎందుకొచ్చిందో ఎవరూ వివరించలేరు.

చూడాలనిపిస్తే మీరే ఒక పొద్దున చెప్పకుండా రండి. పేరాల రండి, లేదా నిజాంపట్నం వైపు వెళ్ళండి. చాప మీద కూర్చుని, వంకరగా అల్లిన అట్టముక్కలు పిల్లలు చూపిస్తే చూడండి. బాగుందని మాత్రమే అనకండి, ఇక్కడ పోగు ఎందుకు తప్పిందని అడగండి. పిల్లలు చెబుతారు, చాలాసేపు చెబుతారు, మీ తరవాతి మీటింగు ఆలస్యమవుతుంది.

జూన్ వచ్చేసరికి ముంజ ముదిరిపోతుంది, ఇక తోడితే రాదు. ఉత్తర్వు ఇచ్చే ఉద్దేశం ఉంటే ఏప్రిల్ ఆఖరి వారంలోపే సంతకం చేయండి. జులైలో వచ్చే ఫైలుతో మాకు పని లేదు.

ఇట్లు,
పేరాల నుంచి,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని